మూడో రోజున ఆగిపోయిన పిండాలు: తప్పు నా అండాలదేనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, మావారికి 40. పెళ్లయి ఏడేళ్లు. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. నా ఏఎమ్‌హెచ్ (అండాల నిల్వను సూచించే రక్తపరీక్ష) 1.2 అన్నారు. ఈమధ్యే మొదటిసారి ఐవీఎఫ్ చేయించుకున్నాం. 11 అండాలు తీస్తే 8 పక్వమైనవి, వాటిలో 7 ఫలదీకరణ చెందాయి. మూడో రోజుకల్లా నాలుగు ఆగిపోయాయి, ఆ మర్నాడు ఇంకొకటి. మిగిలిన రెండూ ఐదో రోజుకు బ్లాస్టోసిస్ట్ (గర్భాశయంలో ఉంచడానికి సిద్ధమైన పిండం) దశకు వచ్చాయి. పరీక్షకు పంపితే ఒకటి ‘అబ్‌నార్మల్’, ఇంకొకటి ‘మొజాయిక్’ (కొన్ని కణాలు సరైనవి, కొన్ని కావు) అని రిపోర్టు వచ్చింది. ‘మీ అండాల్లో డీఎన్‌ఏ రిపేర్ సరిగ్గా లేదు’ అని అక్కడి కౌన్సెలర్ అన్నారు. మూడు నెలలు వాడమని క్యాప్సూళ్లు ఇచ్చారు. నెలకు తొమ్మిది వేలు! రాత్రిళ్లు ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేయడం వల్లే ఇదంతా అని మా అత్తగారు అంటున్నారు. రెండేళ్ల కిందట రూట్ కెనాల్ చేయించుకున్నప్పుడు పంటికి ఎక్స్‌రేలు తీశారు, దానివల్లేమోనని నా భయం. మా అమ్మకు 43 ఏళ్లకే నెలసరి ఆగిపోయింది. మావారు రోజుకు ఐదారు సిగరెట్లు కాలుస్తారు, ఆయన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. నిజంగా నా అండాలు పాడైపోయాయా? మొజాయిక్ పిండాన్ని పారేయడానికి సంతకం అడుగుతున్నారు, పెట్టమంటారా?
– ఓ సోదరి, మియాపూర్

సమాధానం: ముందు ఆ కౌన్సెలర్ మాట సంగతి తేల్చుకుందాం. మీ అండాల్లో డీఎన్‌ఏ మరమ్మతు ఎలా జరుగుతోందో చెప్పే పరీక్ష మీకెవరూ చేయలేదు. క్లినిక్‌లలో అలాంటి పరీక్ష అందుబాటులోనే లేదు. మీ పిండాలకు చేసింది క్రోమోజోములు లెక్కపెట్టే పరీక్ష. క్రోమోజోముల లెక్క తప్పడం వేరు, డీఎన్‌ఏ తెగి అతుక్కోకపోవడం వేరు. ఈ రెంటినీ కలిపేసి, పైన ఒక డబ్బా క్యాప్సూళ్లు అమ్మడం నాకు నచ్చలేదు.

‘పాడైపోయాయా’ అని అడిగారు. డీఎన్‌ఏ పాడవడం అంటే ఏదో ఒకనాడు జరిగిపోయే ప్రమాదం కాదు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ రోజుకు వేల సంఖ్యలో డీఎన్‌ఏ దెబ్బతింటూనే ఉంటుంది, కణం దాన్ని సరిచేసుకుంటూనే ఉంటుంది. ఈ మరమ్మతు ఎలా సాగుతుందో కనిపెట్టినందుకే తోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు. అండం విషయంలో ప్రత్యేకత ఏమిటంటే దాని వయసు. మీరు మీ అమ్మగారి కడుపులో ఉండగానే మీ అండాలన్నీ తయారైపోయాయి. ఐదో నెలలో ఆడపిండం అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల అండాలుంటాయి. పుట్టేనాటికి 10–20 లక్షలు, పెద్దమనిషి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. మీకు మొన్న తీసిన 11 అండాలూ మీరు పుట్టకముందే సగం విభజన మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, 36 ఏళ్లు అలాగే కూర్చున్నవి.

ఆ మొదలుపెట్టిన విభజనలో ఒక విచిత్రం ఉంది. ఎస్‌పీఓ11 అనే ప్రోటీను సాయంతో అండం తన డీఎన్‌ఏను తానే వందల చోట్ల తెగ్గోసుకుంటుంది. మీ అమ్మ నుంచి వచ్చిన క్రోమోజోము, నాన్న నుంచి వచ్చిన క్రోమోజోము ముక్కలు మార్చుకోవడానికే ఈ కోత. తర్వాత ఒకదాన్ని చూసి ఇంకొకటి అతుక్కుంటుంది. అతుకు సరిగ్గా పడని అండాలను ప్రకృతి వదిలిపెట్టదు. చెక్2, పీ63 అనే కాపలా ప్రోటీన్లు వాటిని ఏరి చంపేస్తాయి. లక్షల అండాలు రాలిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. కాబట్టి మీ దగ్గర మిగిలినవి ఒక గట్టి వడపోత దాటినవే. పైగా నిద్రలో ఉన్న ఆ ఏళ్లన్నీ అండం తన జాగ్రత్తలో తానుంటుంది. డీఎన్‌ఏకు హాని చేసే ఆక్సిజన్ రసాయనాలు కణంలో ఎక్కువగా పుట్టేది శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని కాంప్లెక్స్-1 అనే ప్రోటీన్ల గుంపు దగ్గర. లేత అండాలు దాన్ని అసలు వాడుకోకుండానే బతుకుతాయని బార్సిలోనా శాస్త్రవేత్తలు 2022లో చూపించారు.

మరి 36 ఏళ్లకు ఇబ్బంది ఎక్కడొస్తుంది? ఎక్కువగా డీఎన్‌ఏ తెగడం దగ్గర కాదు, క్రోమోజోములను పట్టి ఉంచే కట్టు దగ్గర. జంట క్రోమోజోములను కలిపి ఉంచడానికి కోహెసిన్ అనే ప్రోటీను ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. దాన్ని అండం గర్భంలో ఉన్నప్పుడే తొడుక్కుంటుంది. తర్వాత కొత్తది వేసుకోదని ఎలుకల్లో చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఈ కట్టు వదులవుతుంది. అండం విడుదలయ్యే ముందు ఆగిన విభజన మళ్లీ మొదలైనప్పుడు పంపకం తప్పుతుంది, ఒక క్రోమోజోము ఎక్కువో తక్కువో అవుతుంది. డౌన్ సిండ్రోమ్ అవకాశం తల్లికి 20 ఏళ్లప్పుడు సుమారు 1,500 కాన్పుల్లో ఒకటి, 35కి 350లో ఒకటి, 40కి 100లో ఒకటి అయ్యేది ఇందుకే. ఐవీఎఫ్ పిండాలు తీసుకుంటే మీ వయసులో ఇంచుమించు మూడో వంతు, 40 దాటితే సగానికి పైగా ఇలా లెక్క తప్పినవి ఉంటాయి. మీ రిపోర్టులో ‘అబ్‌నార్మల్’ అని వచ్చినది బహుశా ఈ కోవదే. దీనికి మరమ్మతు అనే మాటే వర్తించదు. వదులైన కోహెసిన్‌ను మళ్లీ బిగించే మందు ఏ దుకాణంలోనూ లేదు.

ఇక మూడో రోజు. మీ ఉత్తరంలో నిజంగా డీఎన్‌ఏ మరమ్మతుతో ముడిపడినది ఇక్కడుంది.

ఫలదీకరణ అయిన వెంటనే పిండం తన జన్యువులతో తాను బతకదు. తల్లి అండం ముందే కట్టిచ్చిన సద్దిమూటే దానికి ఆధారం: ప్రోటీన్లు, ప్రోటీన్ల తయారీకి కావలసిన ఆర్‌ఎన్‌ఏలు, అందులోనే మరమ్మతు సామగ్రి. మనిషి పిండంలో సొంత జన్యువులు గట్టిగా పని మొదలుపెట్టేది నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో అని కేంబ్రిడ్జ్ పరిశోధకులు బ్రౌడ్, బోల్టన్, మూర్ 1988లో చూపించారు. అంటే సుమారు మూడో రోజు. ఆ లోపు వచ్చిన ప్రతి దెబ్బనూ ఆ మూటలో ఉన్నదానితోనే సరిచేసుకోవాలి. మూట చాలకపోయినా, దెబ్బలు మరీ ఎక్కువైనా పిండం అక్కడే ఆగుతుంది.

ఆ దెబ్బలు ఒక్క అండం నుంచే రావు. శుక్రకణం తన డీఎన్‌ఏను ప్రోటమిన్లనే ప్రోటీన్లతో బిగించి చుట్టుకుంటుంది. తోక మీద ఈదుకుంటూ పోవాల్సిన కణం కదా, బరువు తగ్గించుకోవాలి. ఆ క్రమంలో మరమ్మతు చేసుకునే శక్తిని దాదాపుగా పోగొట్టుకుంటుంది. దారిలో డీఎన్‌ఏ ఎక్కడ తెగినా ఆ తెగినచోట్లతో అలాగే వచ్చి అండంలోకి చేరుతుంది. ఆ చుట్ట విప్పి, తెగినచోట అతికించాల్సిన పని అండానిది. భర్త వైపు నుంచి వచ్చిన తెగినచోట్లను భార్య అండం సరిచేయాలన్నమాట! అది ఎంత కష్టమో కొలంబియా విశ్వవిద్యాలయంలో డీటర్ ఎగ్లీ బృందం 2020లో ప్రచురించిన ప్రయోగం చెబుతుంది. అంధత్వం తెచ్చే ఒక జన్యులోపాన్ని సరిచేయాలని, శుక్రకణం నుంచి వచ్చిన క్రోమోజోమును మానవ పిండంలో క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ఒకేఒక్క చోట కత్తిరించారు. ఇంచుమించు సగం సందర్భాల్లో ఆ కోత అతుక్కోలేదు. కణం విభజన చెందేసరికి క్రోమోజోములో కొంత భాగమో, మొత్తం క్రోమోజోమో పోయింది. ఒక్క కోతకే అలా అయింది.

అదే బృందం 2022లో ఇంకో సంగతి కూడా చెప్పింది. తొలి విభజనకు ముందు పిండం తన డీఎన్‌ఏను నకలు తీసుకుంటుంది. ఆ నకలు చాలాచోట్ల తడబడుతుంది, పూర్తికాకుండానే విభజన మొదలైపోతుంది. మన ఒంట్లోని మామూలు కణమైతే ‘ఆగు, ఇది సరిచేశాక వెళ్దాం’ అని నిలబడుతుంది. తొలిదశ పిండానికి ఆ నిదానం తక్కువ. తెగినచోట్లతోనే ముందుకు పోతుంది, క్రోమోజోముల ముక్కలు అటూ ఇటూ పోతాయి. బెల్జియంలోని లువెన్‌లో 2009లో 35 ఏళ్లలోపు స్త్రీల పిండాలను, అదీ పిల్లలు పుట్టడంలో ఇబ్బంది లేని దంపతుల పిండాలను కణం కణం విడదీసి చూస్తే, ఎక్కువ పిండాల్లో ఇలాంటి గందరగోళమే కనిపించింది. ప్రయోగశాలలో ఫలదీకరణ చెందిన పిండాల్లో సగం దాకా ఐదో రోజు చూడవు. మీకు ఏడింట్లో రెండు నిలిచాయి. సగటు కన్నా కాస్త తక్కువే, కానీ ఒక్క సైకిల్ చూసి ‘మీ అండాలింతే’ అని తేల్చేంత తక్కువ కాదు.

ఇప్పుడు ఎవరూ ఏమీ అనని ఆయన దగ్గరకు వద్దాం. పొగ వల్ల వీర్యంలో ఆక్సిజన్ రసాయనాలు పెరుగుతాయి, శుక్రకణాల డీఎన్‌ఏ తెగుతుంది. ఆ తెగినచోట్లను అతికించే పని మీ సద్దిమూట మీద పడుతుంది. పాతికేళ్ల అమ్మాయి అండం ఆ భారం మోసినంత సులువుగా 36 ఏళ్ల అండం మోయలేకపోవచ్చు. ఇది కాక, జన్యువుల్లో ఒక్కో అక్షరం మారిపోయే కొత్త మార్పుల లెక్క ఇంకొకటుంది. ఐస్‌లాండ్‌లో 1,548 కుటుంబాల జన్యువులు చదివి 2017లో చెప్పారు: తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డలో ఇలాంటి కొత్త మార్పులు సుమారు ఒకటిన్నర పెరుగుతాయి, తల్లి వయసు ఏడాది పెరిగితే 0.37 మాత్రమే. ప్రతి మనిషీ ఇలాంటి కొత్త మార్పులు అరవై డెబ్బై దాకా మోస్తూనే పుడతాడు, వాటిలో చాలా వరకు ఏ హానీ చేయవు. కాబట్టి భయపడమని చెప్పడం లేదు, వేలు మీవైపే చూపించే అలవాటు సరికాదని చెబుతున్నాను.

శుక్రకణం తయారై బయటికి రావడానికి రెండున్నర నుంచి మూడు నెలలు పడుతుంది. ఆయన ఈరోజు సిగరెట్టు మానేస్తే మూడు నెలల తర్వాత వచ్చేది కొత్త పంట. ఆండ్రాలజిస్టు (మగవారి సంతాన సమస్యలు చూసే డాక్టరు) దగ్గర వేరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) ఉందేమో చూపించుకోమనండి. శుక్రకణాల డీఎన్‌ఏ ఎంత తెగిందో చూసే ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష అందరికీ అక్కర్లేదు కానీ, ఇన్ని పిండాలు మొదట్లోనే ఆగిపోయిన మీ విషయంలో అడగడం సబబే. ఈ మూడు నెలలకు మించి మీరు మాత్రం ఆలస్యం చేయవద్దు. ఎందుకో చెబుతాను.

మీ అమ్మగారి సంగతి ముఖ్యమైనది. దాన్ని ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు, క్లినిక్‌లో చెప్పారో లేదో. నెలసరి ఏ వయసులో ఆగుతుందన్నది చాలావరకు వంశపారంపర్యం. ఐరోపా సంతతికి చెందిన సుమారు రెండు లక్షల మంది స్త్రీల జన్యువులు చూసిన ఒక పెద్ద అధ్యయనం 2021లో వచ్చింది. నెలసరి ఆగే వయసుతో సంబంధమున్న 290 చోట్లు దొరికాయి. వాటిలో ఎన్నో డీఎన్‌ఏ మరమ్మతు, కాపలా జన్యువులే! అంటే అండాల నిల్వ ఎంత వేగంగా తరుగుతుందన్న దానిలో మరమ్మతుకు నిజంగానే చేయి ఉంది. ఇందాకటి కాపలాదారు చెక్2 జన్యువు సరిగ్గా పనిచేయని స్త్రీలకు నెలసరి సగటున మూడున్నరేళ్లు ఆలస్యంగా ఆగుతుంది. అయితే ఆ కాపలాదారును మందుతో నిద్రపుచ్చితే పోలేదా అని ఎవరైనా అడగవచ్చు. కానీ అదే లోపం ఉన్నవారికి రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువ. అండాలు మిగలడం ఒకటి, మంచివి మిగలడం ఒకటి.

మీ ఏఎమ్‌హెచ్ 1.2, అమ్మగారికి 43. నిల్వ తొందరగా తరిగే కుటుంబం కావచ్చు. డాక్టరుకు ఇది చెప్పి, ఎఫ్‌ఎమ్‌ఆర్1 (నెలసరి ముందే ఆగడానికి కారణం కాగల ఒక జన్యువు) పరీక్ష అవసరమా అని అడగండి. పుట్టింటివైపు, తల్లి తరఫునా తండ్రి తరఫునా, చిన్న వయసులో రొమ్ము క్యాన్సరు గానీ అండాశయ క్యాన్సరు గానీ వచ్చినవాళ్లున్నారా అని వాకబు చేయండి. బీఆర్‌సీఏ1 తెగిన డీఎన్‌ఏను అతికించే జన్యువు. అండాల్లో దాని చురుకు వయసుతో తగ్గుతుందని 2013లో గమనించారు. కుటుంబంలో అలాంటివారుంటే ఆ పరీక్ష పిల్లల కోసమే కాదు, మీ ఆరోగ్యం కోసం కూడా కావాలి. మీ అమ్మానాన్నలది మేనరికమైతే అదీ చెప్పండి. మరమ్మతు జన్యువులు ఎమ్‌సీఎమ్8, ఎమ్‌సీఎమ్9 రెండు ప్రతులూ దెబ్బతిని అండాశయాలు ముందే ఉడిగిపోయిన కేసులు దగ్గరి సంబంధాల కుటుంబాల్లోనే మొదట బయటపడ్డాయి.

పంటి ఎక్స్‌రే, ల్యాప్‌టాప్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. అండాల్లో సగం నశించడానికి అండాశయానికి నేరుగా సుమారు 2 గ్రే రేడియేషన్ తగలాలి. అది క్యాన్సర్ చికిత్సలో పొత్తికడుపుకు ఇచ్చే స్థాయి. దవడకు తీసిన ఎక్స్‌రేలో అండాశయానికి చేరేది లేనట్టే లెక్క. ల్యాప్‌టాప్ నుంచి, వైఫై నుంచి వచ్చే తరంగాలకు డీఎన్‌ఏను తెంచే శక్తి లేదు. వేడి అంటారా, అండాశయాలు పొత్తికడుపు లోపల ఉంటాయి. బయట ఉండే వృషణాలకే వేడి పడదు. అత్తగారి సలహా పాటించాల్సిన వ్యక్తి ఇంట్లో ఉన్నారు, కాకపోతే అది మీరు కాదు.

క్యాప్సూళ్ల డబ్బా మీద ఏముందో మీరు రాయలేదు. ఇలాంటివాటిలో మామూలుగా ఉండేవి కోఎంజైమ్ క్యూ10, ఎన్‌ఎమ్‌ఎన్ లాంటివి. ముసలి ఎలుకల అండాలు వీటితో బాగుపడ్డట్టు కనిపించిన మాట నిజమే. ఆడవాళ్లలో క్యూ10 మీద జరిగినవి చిన్న పరీక్షలు. డీఎన్‌ఏ మరమ్మతును పెంచి ఎక్కువమందికి పండంటి బిడ్డలను ఇచ్చిందని రుజువైన క్యాప్సూలు ఒక్కటీ లేదు. మూడు నెలలకు 27 వేలు. వచ్చే సైకిల్ ఖర్చుకు దాచుకోండి.

మీకు నిజంగా కావలసిన మాత్ర పావలా పరకకు దొరికేదే: ఫోలిక్ యాసిడ్. డీఎన్‌ఏలో ఉండాల్సిన నాలుగు అక్షరాల్లో థైమిన్ తయారవడానికి ఫోలేట్ కావాలి. అది చాలకపోతే ఆ స్థానంలో యురాసిల్ దూరుతుంది. కణం దాన్ని కోసి తీయబోతుంది, మళ్లీ అదే పెడుతుంది, చివరికి క్రోమోజోమే తెగుతుంది. ఫోలేట్ తక్కువైన మనుషుల్లో ఇలా జరుగుతుందని 1997లో తేలింది. గర్భం రాకముందు నుంచీ వాడితే బిడ్డ వెన్నుపాము లోపాలు తగ్గుతాయని 1991లోనే రుజువైంది. 1940లలో ఈ ఫోలిక్ యాసిడ్‌ను లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ సంగతి మన మందుల షాపుల్లో ఎవరికీ గుర్తుండదు, అది వేరే బాధ. రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. శాకాహారులైతే బీ12 కూడా ఒకసారి చూపించుకోండి. తక్కువైతే డాక్టరు చెప్పినట్టు వాడండి.

చివరికి ఆ మొజాయిక్ పిండం. పరీక్షకు తీసేది పిండం పై పొర నుంచి ఐదు నుంచి పది కణాలు. మాయ తయారయ్యేది ఆ పొర నుంచే, బిడ్డ తయారయ్యేది లోపలి కణాల నుంచి. తీసిన కొన్ని కణాల్లో కొన్నింటి లెక్క సరిగ్గా ఉంది, కొన్నింటిది లేదు అనడమే మొజాయిక్. అంటే తప్పు ఎక్కువగా ఫలదీకరణ తర్వాత, నేను పైన చెప్పిన ఆ తడబడే విభజనల్లో జరిగి ఉంటుంది. ఇటలీలో 2015లో 18 మంది స్త్రీలకు ఇలాంటి పిండాలనే గర్భాశయంలో ఉంచితే ఆరుగురికి ఆరోగ్యంగా బిడ్డలు పుట్టారు. మరుసటేడు కేంబ్రిడ్జ్‌లో ఎలుక పిండాల్లో సరైన కణాలు, లెక్క తప్పిన కణాలు కలిపి చూస్తే, బిడ్డగా మారే భాగంలోని తప్పు కణాలు ఒక్కొక్కటే చచ్చిపోయాయి, మంచివి పెరిగాయి. మనిషిలో కూడా అచ్చంగా అలాగే జరుగుతుందని గ్యారంటీ ఇవ్వలేం. కానీ పారేయాల్సిన పిండం మాత్రం కాదు.

మళ్లీ క్లినిక్‌కు వెళ్లినప్పుడు ఆ పిండం పూర్తి రిపోర్టు చేతికి తీసుకోండి. ఏ క్రోమోజోము, ఎంత శాతం కణాల్లో, మొత్తం క్రోమోజోమా లేక ముక్కా అన్నది అందులో ఉండాలి. (ఆడా మగా అన్నది అడగవద్దు, చెప్పడం చట్టవిరుద్ధం.) దాన్ని తీసుకుని జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి, హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. కొన్ని క్రోమోజోముల విషయంలో వద్దనే చెబుతారు, కొన్నింటికి ఫర్వాలేదంటారు. ఇంకో సైకిల్‌లో పూర్తిగా సరైన పిండం దొరికితే దానికే మొదటి చోటు. దొరకకపోతే ఇది ఉంటుంది. దీనితోనే గర్భం వస్తే 16 వారాల తర్వాత ఉమ్మనీటి పరీక్ష చేయించుకోవాలి, రక్త పరీక్ష ఒక్కటే సరిపోదు. ఈలోగా పారేయడానికి సంతకం పెట్టవద్దు. మన దేశంలో 2021 నాటి ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం ప్రకారం పిండాన్ని పదేళ్ల దాకా శీతలీకరించి ఉంచుకోవచ్చు. నిల్వ ఫీజు ఎంతో కనుక్కుని, ‘ఉంచండి’ అని మీరిద్దరూ రాసివ్వండి.